అయిదు మెలికల బతుకు

బిల్లు కట్టేసి, కోటు తొడుక్కుంటూ, బయటూరి వాళ్ళు మావాణ్ణి అడిగే ప్రశ్న ఒకటే. "ఇంతకీ మీరెక్కడ తింటారు?" మావాడు నవ్వి, నన్ను టక్కున మడిచి ఏప్రన్ జేబులో పడేస్తాడు. చెప్పాలా వద్దా అని తేల్చుకోడానికి వాడికి ఆ క్షణం చాలు. మనిషి నచ్చితే నిజం చెప్తాడు. ముద్ద నోట్లో పెట్టకుండా ముప్పై ఫొటోలు తీసుకున్నవాడైతే ఈఫిల్ టవర్ దగ్గర ఏదో పేరు చెప్పి సాగనంపుతాడు.

నేను కార్క్‌స్క్రూని. బిరడా పీకే మర అనుకోండి. ఒంట్లో అయిదు మెలికల ఉక్కు తీగ, రెండు మెట్ల ఊత, వేలెడంత చాకు. పారిస్‌లో ఓ చిన్న వైన్ బార్‌లో ఉద్యోగం. ఉద్యోగం మావాడిది, చాకిరీ నాది.

పుట్టింది మాత్రం తియేర్‌లో. ఫ్రాన్సు నడిబొడ్డున కొండవాలు మీద వేలాడే ఊరు. కొన్ని వందల ఏళ్ళుగా కత్తులు తప్ప మరో యావ లేదు దానికి. కింద ద్యురోల్ ఏరు, ఏటి నీటికి తిరిగే సానరాళ్ళు. పూర్వం సానపట్టేవాళ్ళు ఆ రాళ్ళ పైన వేసిన బల్ల మీద బోర్లా పడుకుని రోజంతా పనిచేసేవాళ్ళట. చలికి కాళ్ళు కొయ్యబారకుండా పెంపుడు కుక్కని కాళ్ళ మీద పడుకోబెట్టుకునేవాళ్ళు. రాతి బురద చిమ్మి బట్టలు పచ్చబడేవి గనక వాళ్ళని 'పచ్చ పొట్టలవాళ్ళు' అనేవారు. నేను పుట్టేనాటికి అన్నీ కరెంటు మోటార్లే. అయినా ఆ కుక్కల కథ విననిదే మా ఊళ్ళో ఏ కత్తీ గడప దాటదు.

నా రూపం ఊహించింది మాత్రం ఫ్రెంచివాడు కాదు, కార్ల్ వీంకే అనే జర్మన్. 1882లో పేటెంటు తీసుకున్నాడు. ఈ సంగతి మా వంటింట్లో గట్టిగా అనకూడదు.

అసలు ఈ పారిస్ పట్నంలో తిండి పెట్టినవాళ్ళలో పట్నంవాళ్ళు ఎందరని? మా కొండల నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్ళు మొదట నీళ్ళు మోశారు, తర్వాత బొగ్గులమ్మారు. బొగ్గుల కొట్లోనే ఓ మూల బల్ల వేసి వైన్ పోశారు. 'వైన్, బొగ్గులు' అని ఒకే బోర్డు. ఆ బల్లలే కెఫేలయ్యాయి. ఇవాళ సినిమావాళ్ళూ మంత్రులూ కూర్చునే బ్రాస్రీ లిప్‌ని 1880లో తెరిచింది అల్సాస్ నుంచి వచ్చినవాడు. 1920లో కొన్న మార్సెలాఁ కాజ్ మా కొండల మనిషి.

మావాడూ ఆ బాపతే. తాతది యానాం. ఫ్రెంచి సైన్యంలో చేరి సైగాన్ వెళ్ళాడు, అక్కణ్ణించి ఇటు తేలాడు. 1954లో యానాం మీద ఫ్రెంచి జెండా దిగిపోయినా, తాత జేబులో ఫ్రెంచి కాగితాలు మిగిలాయి. వాళ్ళమ్మ శివార్లలో ఉంటుంది. రోజూ రాత్రి పన్నెండుకి ఫోన్. "తిన్నావురా?" "తిన్నానమ్మా." "కూచుని తిన్నావా, నిలబడా?" నా తెలుగంతా ఈ ఫోన్ల వల్ల వచ్చిందే.

గోదావరి జిల్లాలవాళ్ళు యానాం పేరెత్తగానే ఎందుకు కన్ను గీటుతారో కూడా ఆ ఫోన్లలోనే విన్నాను. ఇంకో సంగతీ విన్నాను. తెలుగునాట వీధివీధినా 'వైన్స్' అని బోర్డులుంటాయిట, లోపల ముమ్మరంగా అమ్ముడయ్యేది వైన్ తప్ప మిగతావన్నీనట. నాబోటిదానికి అక్కడ ముద్ద పుట్టదు.

ఇక మావాడు నచ్చినవాళ్ళకి చెప్పే చోట్లు. జేబులో డబ్బుల్లేకపోతే బుయ్యోఁ షార్తియే. బుయ్యోఁ అంటే ఎముకల పులుసు. 1855లో ద్యువాల్ అనే మాంసం కొట్టు యజమాని మార్కెట్ కూలీలకి చవగ్గా వేడి పులుసూ మాంసమూ పెట్టడంతో మొదలైన రకం హోటళ్ళివి. షార్తియే 1896 నాటిది. గోడకి చిన్న చిన్న చెక్క సొరుగులు, అప్పట్లో రోజూ వచ్చేవాళ్ళ నాప్కిన్లు దాచుకోడానికి. బల్లమీద పరిచిన కాగితం మీదే సర్వర్ ఆర్డరు రాస్తాడు, ఆఖర్న అక్కడే కూడిక వేస్తాడు. ఖాళీ కుర్చీ ఉంటే ముక్కూమొహం తెలియని మనిషిని ఎదురుగా కూర్చోబెడతారు. గొప్ప వంటేం కాదు. ఉడికిన గుడ్డు మీద మయొనీస్, పంది మాంసం, బంగాళాదుంపలు. కానీ ఆ గోలలో ఒంటరివాడు ఒంటరిగా కనబడడు. వైన్ కూజాలో తెప్పించుకుంటే నాకూ సెలవే. అన్నట్టు, ఈ ఊళ్ళో ఎక్కడైనా సరే నీళ్ళ సీసా అడగకండి, 'కరాఫ్ దో' అనండి. భోజనంతో మంచినీళ్ళ కూజా ఊరికే ఇవ్వాలి, చట్టమే ఉంది.

ఆదివారమైతే అలిగ్ర్ సంత పక్కన బరోఁ రూజ్. లోపల పెద్ద పీపాలు, పంపు తిప్పితే వైన్. ఖాళీ సీసా పట్టుకెళ్తే పాలకేంద్రంలోలా నింపిస్తారు. చలికాలం బయట ఆల్చిప్పల బండి పెడతారు. జనం పేవ్‌మెంట్ మీద పీపాల చుట్టూ నిలబడి, ఓ చేత్తో చిప్ప జుర్రుతూ, ఓ చేత్తో గ్లాసు పట్టుకుని, కూరల సంచి కాళ్ళ మధ్య పెట్టుకుని కబుర్లాడతారు. వాళ్ళమ్మ అడిగితే ఆదివారం మావాడు తప్పకుండా నిలబడే తిన్నాడు.

కూర్చుని, తీరిగ్గా, ఒక్కో గ్లాసూ తాగాలంటే విల్లీస్ వైన్ బార్. 1980లో ఓ ఇంగ్లీషువాడు తెరిచాడు. ఫ్రెంచివాళ్ళకి ఇంగ్లీషువాడు వైన్ పొయ్యడమేమిటని నవ్వినవాళ్ళే, బోర్డో తప్ప మరో పేరెరగనివాళ్ళే, అక్కడ రోన్ లోయ వైన్లు చప్పరించడం నేర్చుకున్నారు.

సోమవారం మా బార్‌కి సెలవు. ఆ రోజు మావాడు లా షాపెల్ పోతాడు. శ్రీలంక తమిళుల పేట. దోసెల పెనాలు, మల్లెపూలు, వినాయకుడి ఊరేగింపు రోజున వీధంతా కొబ్బరికాయ చిప్పలు. సాంబారు బాగుందంటాడు, కానీ ప్రతిసారీ కారం చాలలేదని సణుగుతాడు. పుట్టినప్పట్నించీ ఫ్రాన్సులోనే ఉన్నవాడికి ఆ లెక్క ఎక్కడిదో నాకర్థం కాదు.

ఏ పుస్తకంలోనూ రాయని గుర్తొకటి ఉంది. సీసా ఎలా తెరుస్తారో చూడండి. రేకు పెదవి కింద కొయ్యాలి, గుడ్డతో తుడవాలి, నా మొనని నడిమధ్య దించాలి, ఆఖరి మెలిక బయటే ఉంచాలి. మొదటి మెట్టు, రెండో మెట్టు, చివరి కాస్తా చేత్తో. 'టప్'మని మోగకూడదు. పసిపిల్ల నిద్రలో ఊపిరి వదిలినట్టుండాలి. మోత మోగించేచోట వంటా మోతే.

ఈ పాఠం తేలిగ్గా రాలేదు. నది కుడి ఒడ్డున ఒక పేరున్న హోటల్, పేరెందుకులెండి. మావాడు కొత్త. తనకంటే వయసులో పెద్దదైన సీసా. నన్ను నిటారుగా దించాడు, లాగాడు, బిరడా సగానికి విరిగింది. ఆ ముక్క కోసం పోర్చుగల్‌లో ఓ చెట్టు నలభై ఏళ్ళు పైన నిలబడి ఉంటుంది. తొమ్మిదేళ్ళకోసారి బెరడు వలుస్తారు, మూడో కోతకి గానీ మంచి బిరడాకి పనికిరాదు. అలాంటిది నా మెలికల్లో పొడై రాలుతోంది. మేనేజరు దూరం నుంచి చూస్తున్నాడు. మావాడి బొటనవేలు చెమటకి నా వీపు మీద జారుతోంది. ఈసారి నన్ను ఏటవాలుగా, సీసా మెడకి ఆనించి దించాడు. మిగిలిన సగం తుంపు కూడా రాలకుండా పైకొచ్చింది. ఎదుటి పెద్దావిడ వాసన చూసి, మెల్లగా గ్లాసు పక్కన పెట్టింది. వైన్ ఎప్పుడో చచ్చిపోయింది. మర్నాటి నుంచి మావాడికి నేలమాళిగలో గ్లాసులు కడిగే పని. మూడు వారాలు. తర్వాత నన్ను జేబులో వేసుకుని బయటికి నడిచాడు.

కిందటి వేసవిలో నన్ను యానాం తీసుకెళ్ళాడు. చాకు ఉంది గనక విమానంలో పెట్టె అడుగునే ప్రయాణం. మేనమామ ఇంట్లో అరుగు మీద బొజొలే సీసా తెరిచాం. ఒక్క గుక్క తాగి ఆయన మొహం చిట్లించాడు. "చింతపండు నీళ్ళలా ఉందేంట్రా అల్లుడూ! కాస్త పంచదారైనా వెయ్యలేదా?" ఆ తర్వాత నా పనితనమంతా కూల్‌డ్రింకు మూతలకే. పిల్లలు క్యూ కట్టారు. సాయంత్రం మావయ్య నా చాకు విప్పి, పచ్చిమామిడికాయ చెక్కుతీసి, ఉప్పూకారం అద్ది అందరికీ పంచాడు.

పారిస్ తిరిగొచ్చిన రాత్రే డ్యూటీ. మూడో టేబులు, బుర్గుండీ సీసా. రేకు కొయ్యడానికి చాకు విప్పిన మావాడు ఆగాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఎంత కడిగినా కీలు సందులో మామిడి జీడి వాసన. టేబులువాళ్ళు తలలెత్తి చూస్తున్నారు. మావాడు నన్ను మడిచి ఎడమ జేబులో వేసుకుని, కౌంటరు మీదున్న ఇంకో ఓపెనర్ అందుకున్నాడు.