రెండేళ్లు మీకు, రెండు నెలలు వాడికి

ఐదో తరగతి పిల్లల్ని మళ్లీ ఫెయిల్ చేయొచ్చట, ఇక దేశంలో చదువు బాగుపడినట్టే. 2024 డిసెంబరులో కేంద్రం గెజిట్ వచ్చిన దగ్గర్నుంచి, ఆల్ పాస్ వల్లే పిల్లలు పాడయ్యారని పదిహేనేళ్లుగా గొణుగుతున్న పెద్దమనుషుల ముఖాలు వెలిగిపోతున్నాయి. ఇది కేంద్రీయ విద్యాలయాలకే కదా అనుకోకండి. పదహారు రాష్ట్రాలు ఈ దారి ముందే పట్టాయి, మన దగ్గర మాత్రం ఎందుకు ఉండకూడదని అడిగేవాళ్లకు కొదవ లేదు. ఇంత సంబరంలో ఒక్క చిన్న లెక్క వేయడానికి మాత్రం ఎవరికీ తీరిక దొరికినట్టు లేదు. 2024-25లో ఐదో తరగతి చదివినవాడు ఒకటో తరగతిలో ఎప్పుడు చేరాడు? 2020 జూన్‌లో. దేశంలో ఏ బడికీ తాళం తీయని జూన్‌లో.

తెలంగాణలో 2020 సెప్టెంబరు 1న టీశాట్, యాదగిరి చానెళ్లలో పాఠాలు మొదలుపెట్టారు, అదీ మూడో తరగతి నుంచి. ఒకటి, రెండు తరగతుల వాళ్లకు టీవీ పంతులు కూడా దక్కలేదు. ఆ విద్యాసంవత్సరమంతా ప్రాథమిక తరగతులు తెరవనే లేదు. 2021 సెప్టెంబరులో తెరిచేసరికి వాడు రెండో తరగతి. ఆంధ్రప్రదేశ్‌లో 2021 ఫిబ్రవరిలో పిలిచి ఏప్రిల్‌లో మళ్లీ ఇంటికి పంపేశారు. గుణింతాలు దిద్దించి, ఒత్తులు పలికించి, అక్షరం కింద వేలు పెట్టి చదివించే ఏడాది అలా పోయింది. అందర్నీ పై తరగతికి పంపారు, అందులో తప్పేమీ లేదు. పంపినవాళ్లు పోయిన ఏడాదిని తిరిగి చెప్పించడం మర్చిపోయారు. 2022లో పిల్లల చదువును కొలిచే అసర్ సర్వే వాళ్లు పల్లెల్లో సరిగ్గా ఈ పిల్లలకే, అప్పుడు మూడో తరగతిలో ఉన్నవాళ్లకు, రెండో తరగతి స్థాయి పాఠం ఇచ్చి చదవమన్నారు. తెలంగాణలో చదవగలిగింది నూటికి 5.2 మంది. 2018లో అది 18.1. ఆంధ్రలో 22.6 కాస్తా 10.3కి దిగింది. ఆ రోజు ఏ గెజిట్టూ రాలేదు.

ఇప్పుడు వచ్చింది, అందులో రెండు నెలల మందు ఉంది. వార్షిక పరీక్ష తప్పినవాడికి అదనపు బోధన చేసి, ఫలితాలు వచ్చిన రెండు నెలల్లోపు మళ్లీ పరీక్ష పెడతారు. నాలుగేళ్లుగా పేరుకుపోయిన లోటు అరవై రోజుల్లో పూడాలన్నమాట. అది కూడా ఏ అరవై రోజులు? పరీక్షలు ముగిసి రోహిణి కార్తె వచ్చేదాకా, ఆ మధ్యలో బడికి వేసవి సెలవులు. టీచరుకు ఎన్నికల డ్యూటీయో, శిక్షణ తరగతులో, జనాభా లెక్కలో ఎటూ ఉండనే ఉంటాయి. 'సంక్షేమం' అన్న మాట దగ్గర ఆగిపోయి, క్ష కింద వేలు పెట్టి, పైకి చూసి, టీచరు ముఖంలో జవాబు వెతుక్కునే పదేళ్లవాడు ఎండాకాలం సెలవుల్లో అకస్మాత్తుగా గడగడా చదివేస్తాడట.

అప్పటికీ రాకపోతే? మళ్లీ ఐదో తరగతే. అలా ఆగిన ఏడాది టీచరు పిల్లాడికి, అవసరమైతే తల్లిదండ్రులకు కూడా దారి చూపాలి, లోటు ఎక్కడుందో గుర్తించి ప్రత్యేకంగా బోధించాలి. చక్కని మాట. ఇంత చక్కని పని వాడు తప్పాకే ఎందుకు మొదలవుతుంది? రెండో తరగతిలో ఎవరు వద్దన్నారు? ఒక్క టీచరే ఉన్న బడులు దేశంలో లక్షకు పైగా ఉన్నాయి. అక్కడ ఐదు తరగతులకూ ఒక్కరే. ఆ ఒక్కరే లోటు గుర్తించాలి, ఆ ఒక్కరే బోధించాలి, హెడ్‌మాస్టర్ హోదాలో ఆగిపోయిన పిల్లల జాబితా రాసి తమ పనిని తామే పర్యవేక్షించుకోవాలి.

ఇక వెటకారం చాలు. 2020 జాతీయ విద్యావిధానం, ప్రాథమిక బడుల్లో పిల్లలందరికీ చదవడం, రాయడం, లెక్కలు 2025కల్లా వచ్చి తీరాలంది. మరుసటి ఏడాది జూలైలో నిపుణ్ భారత్ పథకం వచ్చేసరికి ఆ గడువు 2026-27కి జరిగింది. కరోనా కాబట్టి సరే అనుకున్నాం. ప్రభుత్వం తనకు తాను దాదాపు రెండేళ్ల వాయిదా ఇచ్చుకుంది, ఏ పరీక్షా రాయలేదు, ఏ జాబితాలోకీ ఎక్కలేదు. అదే కరోనాలో చదువు పోగొట్టుకున్న పిల్లాడికి ఇచ్చింది రెండు నెలలు. పెద్ద అధికారిని అదే కుర్చీలో ఇంకో ఏడాది ఉంచితే ఎక్స్‌టెన్షన్, పూలదండలు. పిల్లాణ్ణి అదే బెంచీ మీద ఇంకో ఏడాది కూర్చోబెడితే వాడి తమ్ముడు వచ్చి పక్కన కూర్చుంటాడు. ఇది సిగ్గులేనితనం, ఇంకో పేరు లేదు.

భయం లేకపోతే చదవరు అంటారు. 2024లో ఇదే అసర్, ఈ పిల్లలే, అప్పటికి ఐదో తరగతి: దేశమంతటా పల్లెల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 48.8 శాతం. పరీక్ష నిజాయతీగా పెడితే సగం తరగతి ఆగాలి, అంతమందిని ఏ బడీ ఆపలేదు. ఆపలేక మార్కులు వేసి పంపిస్తే ఈ తతంగం ఎందుకు? అమెరికాలో మిసిసిపీ మూడో తరగతిలో ఆపి బాగుపడింది కదా అని మరో వాదన. అక్కడ 2013 చట్టంతో పాటు టీచర్లకు చదివించే పద్ధతిలో శిక్షణ ఇచ్చారు, వెనకబడిన బడులకు ప్రత్యేక శిక్షకుల్ని పంపారు, ఒకటో తరగతికి ముందు నుంచే ఎవరు తడబడుతున్నారో చూశారు. పైగా 2020లో కరోనా రాగానే ఆ మూడో తరగతి గేటు ఎత్తేశారు. మనవాళ్లు మిగతాదంతా వదిలేసి గేటు ఒక్కటే తెచ్చుకున్నారు, అదీ ఐదో తరగతిలో, చదవడం నేర్పాల్సిన వయసు దాటిపోయాక.

ఆపే తీరాలంటే హెడ్‌మాస్టర్ రాసే ఆ జాబితాలో పేరు, వయసు, మార్కుల పక్కన ఇంకో గడి గీయండి: ఈ పిల్లాడి ఒకటో తరగతిలో బడి ఎన్ని రోజులు తెరిచారు? తెలంగాణలో 2020-21కి ఆ గడిలో సున్నా వేయాలి. కింద సంతకం ఎవరు పెడతారో అది కూడా గెజిట్‌లోనే చెప్పండి.