ముందు రంపం, తర్వాత ఏడుపు

ఈ కాలం వాళ్ళకి చెట్టు కొట్టడమంటే చెట్టు పైభాగం కొట్టడమే. రంపం మిషను బర్రుమంటుంది, పావుగంటలో మాను కూలుతుంది, దుంగలు ట్రాక్టరెక్కుతాయి. పెరట్లో మోకాలెత్తు మొద్దు మాత్రం మిగిలిపోతుంది. "ఇదెవరు తీస్తారయ్యా?" అని అడిగితే, "అది మా పని కాదండీ, జేసీబీని పిలిపించుకోండి" అని చెయ్యి దులుపుకుంటారు. సగం పనికి పూర్తి కూలి పుచ్చుకునే విద్య మా రోజుల్లో ఎవరికీ రాదు.

మాది కోనసీమ. మా రోజుల్లో చెట్టు కొట్టించడం గునపంతో మొదలయ్యేది. గొడ్డలి ఆ తర్వాత, రంపం అన్నిటికంటే ఆఖరున. ఎండాకాలంలో నేల గునపానికి లొంగదు కాబట్టి తొలకరి పడేదాకా ఆగేవాళ్ళు. తొందరైతే ముందురోజు సాయంత్రం చెట్టు మొదట్లో నాలుగు బిందెల నీళ్ళు కుమ్మరించి నానబెట్టేవాళ్ళు. పొద్దున్నే వచ్చి, మనిషి కూర్చుని గొడ్డలి తిప్పేంత వెడల్పున మొదలు చుట్టూ గొయ్యి తీసేవాళ్ళు.

వేరు కనపడగానే నరికేసేవాళ్ళు కాదు. చుట్టూ మట్టి చేత్తో తీసి, అడుగున కూడా ఖాళీ చేసి, చెంబుతో నీళ్ళు పోసి కడిగేవాళ్ళు. మట్టి అంటిన వేరు మీద వేటు వేస్తే గొడ్డలి అంచు పోతుంది. మా ఊళ్ళో ఆ పని చేసే పెద్దాయన ఒకడుండేవాడు. కుర్రాళ్ళెవరైనా మట్టివేరు మీద గొడ్డలి ఎత్తితే చాలు, "ఆ అంచు మీ బాబు పడతాడేంట్రా?" అని కసిరేవాడు. ఒక్కో వేరుకి రెండు చోట్ల వేటు వేసి, మధ్య ముక్క తీసేయాలి. ఒక్కచోటే నరికితే తెగిన కొసలు రెండూ ఒకదానికొకటి అడ్డం పడి మొద్దుని కదలనివ్వవు.

ఇక అసలు కిటుకు. చెట్టు ఎటు పడాలో ముందే చూసుకుని, దానికి ఎదురువైపు వేళ్ళు మొదట తెంపేవాళ్ళు. పడేవైపు వేళ్ళ జోలికి ఆఖరుదాకా పోయేవాళ్ళు కాదు. మాను పైన, ఎంత ఎత్తున కుదిరితే అంత ఎత్తున, కొబ్బరిపీచు మోకు కట్టేవాళ్ళు. ఆ మోకు చెట్టు ఎత్తుకన్నా బాగా పొడుగుండాలి, లేకపోతే చెట్టు లాగినవాడి నెత్తినే పడుతుంది. ఇళ్ళ మధ్య చెట్టయితే ముందు కొమ్మలన్నీ నరికి జాగ్రత్తగా కిందికి దింపి, ఖాళీ స్థలానికి సరిపడినంత మానుని నిలబెట్టి ఉంచేవాళ్ళు. అప్పుడు "హైలెస్సా" అని ఒక్క ఊపు. మాను ఒరిగేది, దాంతోపాటు మొద్దు నేలని చీల్చుకుని పైకి లేచేది. తల్లివేరు కింద ఫట్టుమని తెగిన చప్పుడు వీధిలోకి వినపడేది.

ఇందులో మంత్రం లేదు. మీటకర్ర పొడుగయ్యేకొద్దీ బలం పెరుగుతుంది, అంతే. వేళ్ళు మూడడుగుల లోతులో పట్టుకుని ఉంటే, ముప్పై అడుగుల ఎత్తున మోకు కట్టి లాగే నలుగురు నలభై మంది పెట్టు. పైగా ఒరగడం మొదలయ్యాక మాను బరువంతా మన పక్షానే. చదువుకోని ఆ మనుషులకి ఇది తెలుసు. ఇంజినీరింగు చదివిన మా వీధి పిల్లలు ఆ పొడుగంతా కోసి అమ్ముకుని, మిగిలిన మోకాలెత్తు ముక్క చుట్టూ చేరి "కదలట్లేదే" అని ఆశ్చర్యపోతారు. మీటని ముక్కలు చేసి అమ్మేశాక ఏం కదులుతుంది?

మా పక్కింటి కుర్రాడు అలాగే ఓ వేపచెట్టు కోయించాడు. ఇంటి నుంచే ఉద్యోగం, చేతిలో ఫోను. వారం తిరక్కుండా గోడ మీంచి తల పెట్టి, "తాతగారూ, మొద్దుకి డ్రిల్లుతో కన్నాలు పెట్టి ఎప్సమ్ సాల్ట్ పోస్తే కుళ్ళిపోతుందటండీ, వీడియోలో చూపించాడు" అన్నాడు.

"ఎప్సమ్ సాల్టంటే ఏంటో తెలుసా?"

"మెగ్నీషియం సల్ఫేటండీ."

"మా చిన్నప్పుడు దాన్ని భేదిఉప్పు అనేవాళ్ళు. కడుపు కదలకపోతే డాక్టరు ఇచ్చేవాడు. నువ్వు మొద్దుని కదిలించడానికి వాడుతున్నావు, భేష్! మరి కొబ్బరిచెట్టుకి మెగ్నీషియం తక్కువై ఆకు పసుపురంగుకి తిరిగితే మొదట్లో వేసే ఎరువు కూడా అదేనని వీడియోవాడు చెప్పాడా?"

చెప్పలేదుట. పోశాడు. వేప సామాన్యమైన చెట్టు కాదు. పైన నరికితే కింద నుంచి పిలకలేస్తుంది. తొలకరికి మొద్దు చుట్టూ ఎర్రటి లేతచిగుళ్ళు గుత్తులుగా వచ్చాయి. ఆ తర్వాత సూరేకారం అన్నాడు, కిరసనాయిలు పోసి తగలబెడతానన్నాడు. నిప్పు పైన ఆరినట్టే ఉండి, ఎండిన వేరు పట్టుకుని నేల అడుగున రోజుల తరబడి రాజుకుంటుందనీ, పక్కనే మా గడ్డివాము ఉందనీ గట్టిగా చెప్తే ఆగాడు. సుబాబుల్ అయితే ఇంకా మొండిది. కాగితం మిల్లులకి కర్ర అమ్మే రైతుకి ఆ పిలకలే పంట, నరికినకొద్దీ లాభం. పెరట్లో మనకి అవే శని.

పోనీ, ఉంటే ఉండనీ, మొద్దు ఏం చేస్తుంది అంటారు. దాని మీద పూలకుండీ పెట్టి, రంగులేసి, ఫొటోలు తీసుకునేవాళ్ళని కూడా చూశాను. కొబ్బరితోటలో అలా మొద్దులు వదిలేసి చూడమనండి తెలుస్తుంది. కుళ్ళుతున్న కొబ్బరిమొద్దు కొమ్ముపురుగుకి పురిటిల్లు. అందులో గుడ్లు పెడుతుంది, లావుపాటి తెల్లపురుగులు ఆ చివుకు తిని బలిసి, రెక్కలొచ్చాక పక్కచెట్టు మొవ్వులో దూరతాయి. గానోడెర్మా తెగులుతో చచ్చిన చెట్టయితే మరీ ప్రమాదం. ఆ శిలీంధ్రం మొద్దులో, వేళ్ళలో బతికే ఉండి మట్టిలోంచి పక్కచెట్టుకి పాకుతుంది. అందుకే తెగులు చెట్టుని వేళ్ళతో సహా తవ్వి తగలబెట్టమని శాస్త్రవేత్తలు ఈనాటికీ చెప్తారు. 1996 నవంబరు తుపానుకి మా వైపు కొబ్బరితోటలు నేలమట్టమయ్యాయి. వేళ్ళతో లేచిపడ్డ చెట్టుతో అంత చాకిరీ లేదు. నడుముకి విరిగిన చెట్ల మొద్దులే మా ప్రాణం తీశాయి. తిండికి కటకటలాడుతున్న రోజుల్లో కూడా పెద్దలు వాటిని తవ్వించారంటే ఊరికే కాదు.

అసలు అప్పుడు మొద్దు మిగలకపోవడానికి ఇంకో కారణం ఉంది. మొద్దంటే వంటచెరుకు. మా ఊళ్ళో చాలామంది ఇళ్ళలో తవ్వినవాడిదే మొద్దు, అదే వాడి కూలిలో భాగం. ఎండబెట్టి, ఇనప చీలలు దిగ్గొట్టి, సమ్మెటతో పగలగొట్టేవాళ్ళు. ముడులు పడ్డ కర్ర తొందరగా పగలదు, కానీ పగిలాక గంటల తరబడి నిప్పు నిలుస్తుంది. పెళ్ళిళ్ళలో గాడిపొయ్యికి అలాంటి కర్రే కావాలని వంటవాళ్ళు అడిగి మరీ తెప్పించుకునేవాళ్ళు. చింతమొద్దయితే మాంసం కొట్టువాళ్ళు ముందే చెప్పి ఉంచుకునేవాళ్ళు. 1999లో దీపం పథకం వచ్చింది, ఊళ్ళోకి గ్యాసు బండలు వచ్చాయి, మొద్దుకి విలువ పోయింది. విలువ పోయినదాని కోసం ఎవడు గునపం పడతాడు?

ఈ మాట అంటే మా ఇంటావిడ వంటింట్లోంచే అందుకుంటుంది: "మొద్దు వైభవం మీరు చెప్పుకోండి. తడిసిన మొద్దు ముక్క అంటుకోక గొట్టం పెట్టి ఊదింది నేను. కళ్ళు మండింది నాకు." ఆ సంగతిలో నేను మాట్లాడను. గ్యాసు రావడం మంచిదే. వంటచెరుకు అక్కర్లేకపోవడం వేరు, పని సగంలో వదలడం వేరు.

జేసీబీని కూడా నేను కాదనను. అది పావుగంటలో లాగేస్తుంది, నిజమే. కానీ మా వీధిలోకి అది వస్తేగా! ముందు గేటు ఊడదీయాలి, తర్వాత ప్రహరీ పడగొట్టాలి, మొద్దుతోపాటు మంచినీళ్ళ గొట్టం, మురుగు గొట్టం పైకి లేస్తాయి. మొద్దు తీయించిన ఖర్చుకి గోడ కట్టించిన ఖర్చు కలుపుకుంటే, మాను అమ్మిన డబ్బు ఏ మూలకీ రాదు. గునపం వాడు సందులోంచి వచ్చి సందులోంచే పోయేవాడు. పోయేముందు గొయ్యి పూడ్చి, పెంట వేసి, అరటిపిలక నాటి మరీ పోయేవాడు.

చెట్టు కొట్టాలంటే 2002 నుంచి వాల్టా చట్టం ఉంది, చాలా రకాల చెట్లకి అనుమతి అడగాలి. అనుమతి తీసుకునేటప్పుడే మొద్దు సంగతి కూడా తేల్చుకోండి. నరకక తప్పదని నిశ్చయించుకుంటే రంపం వాడికి ఫోను చేసేముందు, మీ చుట్టుపక్కల గునపం పట్టగలిగినవాళ్ళు ఎవరు మిగిలారో వాకబు చేయండి. వాళ్ళు అడిగిన కూలి బేరమాడకుండా ఇవ్వండి. దొరక్కపోతే, కనీసం మాను నిలబడి ఉండగానే వేళ్ళు తవ్వించమని రంపం వాడికి చెప్పండి. నవ్వుతాడు, నవ్వనివ్వండి. డబ్బు మాత్రం మొద్దు లేచాకే ఇవ్వండి.