నన్ను పక్కన పెట్టిన కథ

నేనొక వర్చువల్ డిస్కును. చేత్తో పట్టుకుందామంటే దొరకను. నకరికల్లులో ఒక జిన్నింగ్ మిల్లు ఆఫీసు గదిలో బీరువా పక్కన ఒక సర్వరుంది. దాంట్లో వర్చువల్ మెషీన్లను నడిపే ప్రాక్స్‌మాక్స్, దాని మీద విండోస్ నడిచే ఒక వర్చువల్ మెషీన్. ఆ మెషీనుకు మేం ముగ్గురం. సీ డిస్కులో విండోస్ ఉంటుంది. డీలో పత్తి కొనుగోళ్ల లెక్కలు, రైతుల ఖాతాలు, కాటా డేటా. నేను ‘ఈ’ (E) డిస్కును, నాలుగు టీబీల దాన్ని. గేటు, కాటా, పత్తి గుట్టలు, బేళ్ల గోడౌను... ఎనిమిది కెమెరాలు చూసిందంతా నా మీదికే వస్తుంది.

రాత్రి బ్యాకప్ మొదలైనప్పుడు సీ, డీల నకలు తీసి బయటికి పంపుతారు, నన్ను ముట్టుకోరు. హార్డ్‌వేర్ పేజీలో నా పేరు తెరిస్తే ‘బ్యాకప్’ అన్న గడి ఉంటుంది. అందులో టిక్కు తీసేశారు. నన్ను వదిలేయడానికి చేసిన పనల్లా అదొక్కటే.

ఎందుకు తీశారో లెక్క వేస్తే తెలుస్తుంది. ఒక్కో కెమెరా సెకనుకు నాలుగు మెగాబిట్లు పంపుతుంది. అంటే రోజుకు 43 జీబీలు. ఎనిమిదింటికీ కలిపి 345 జీబీలు దాటుతుంది. మిల్లుకున్న ఇంటర్నెట్ అప్‌లోడ్ 20 ఎంబీపీఎస్. ఒక్కరోజు దృశ్యాలు బయటికి పంపాలంటే 38 గంటలు పడుతుంది! నన్ను కూడా పంపుతూ కూర్చుంటే డీ డిస్కుకు ఏనాటికీ వంతు రాదు. డీలో రోజుకు మారేది కొద్ది ఎంబీలు, మిల్లు బతికేది ఆ కొద్ది మీదే. పైగా పదకొండు రోజులు దాటితే నా మీది పాత దృశ్యాలను కొత్తవి తుడిచేస్తాయి. రేపు ఎలాగూ చెరిగిపోయేదాన్ని ఇవాళ కష్టపడి దాచడం దేనికి? నన్ను పక్కన పెట్టడం సరైన నిర్ణయమే అంటాను.

ఇంకొక సంగతి. ప్రాక్స్‌మాక్స్ తీసే ఈ రకం బ్యాకప్‌కు ఫైళ్లు, ఫోల్డర్లు కనపడవు, డిస్కు మీది బ్లాకులే కనపడతాయి. ‘ఈ ఫోల్డరు వద్దు’ అనడం కుదరదు, వదిలేస్తే డిస్కు మొత్తాన్నీ వదిలేయాలి. అందుకే నన్ను మొదట్లోనే వేరే డిస్కుగా పుట్టించారు. వీఎమ్‌వేర్‌లోనైతే డిస్కును ఇండిపెండెంట్ మోడ్‌లో పెడతారు, స్నాప్‌షాట్ దాన్ని తాకదు. వీమ్ అనే బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌లో డిస్కు స్కజీ నంబరు చెప్పి వదిలేయమనొచ్చు. అక్కడ కాస్త భయముంది. తర్వాతెప్పుడో డిస్కులు అటూ ఇటూ మారితే ఆ నంబరు ఇంకోదాని మీద పడుతుంది, కావలసిందే బయట మిగిలిపోతుంది.

పెద్దదని వదిలేయడం పెద్ద పెద్ద చోట్లా జరుగుతుంది. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని డేజాన్‌లో ప్రభుత్వ డేటా సెంటర్ బ్యాటరీల దగ్గర మంటలు లేచాయి. అక్కడి ప్రభుత్వోద్యోగులు పని ఫైళ్లు దాచుకునే జీ-డ్రైవ్‌లో 858 టీబీలు కాలిపోయాయి. అంత పెద్దదాన్ని బయట నకలు తీసే ఏర్పాటు లేకపోయింది. వాళ్లు దాచుకున్నవి మళ్లీ పుట్టేవి కావు. నా మీదివి పోతే పోయేవి. పరిమాణం చూసి వదిలేయడానికి, లోపలున్నదేమిటో చూసి వదిలేయడానికి ఉన్న తేడా అక్కడే తెలిసింది.

మరి నా మీదివన్నీ నిజంగా పోతే పోయేవేనా? సీజన్లో ఒకరోజు కుంకలగుంట రైతొకాయన కాటా చీటీ పట్టుకుని వచ్చాడు. “సరుకంతా దిగకముందే బండి తూచారు అబ్బాయ్, ఖాళీ బండి తూకం చూడు, యాడో తేడా ఉంది” అన్నాడు. గుమాస్తా కుర్రాడు “కూర్చో బాబాయ్, చూద్దాం” అని నన్ను తెరిచాడు. ఖాళీ ట్రాక్టరు కాటా మీదికెక్కింది. ట్రాలీలో రెండు బోరేలు దించకుండానే ఉన్నాయి. తేడా అక్కడే తేలింది, చీటీ మార్చి ఇచ్చారు. కుర్రాడు ఆ నాలుగు నిమిషాల ముక్కను కత్తిరించి డీలో ఆ రైతు ఖాతా పక్కనే పెట్టాడు. అతని మీద నాకు గౌరవం కలిగింది. ఆ రోజు నా మీదికొచ్చిన 345 జీబీల్లో అవసరమైంది ఆ ముక్కే, అది చేరాల్సిన చోటికి చేరింది.

సీజన్ మధ్యలో డీ నిండుతోందని ఎవరో కాటా చీటీల స్కాన్ ఫోల్డరును నా మీదికి తెచ్చారు. ఖాళీ కనపడితే వాడుకోవడం సహజం. నాకు బ్యాకప్ లేదని ‘ఈ’ డ్రైవ్ బొమ్మ చెప్పదు కదా. కెమెరా సాఫ్ట్‌వేర్ తన దృశ్యాలనే చెరుపుకుంటుంది కాబట్టి ఆ స్కాన్లకు రోజువారీ ముప్పు లేదు. నా కింది అసలు డిస్కు పాడైతే మాత్రం ఒక్కటీ మిగలదు.

అది బయటపడింది నరసరావుపేట నుంచి టెక్నీషియన్ వచ్చినప్పుడు. అతను బ్యాకప్ తీయడంతో ఆగే మనిషి కాదు, దాన్నుంచి వేరే నంబరుతో మెషీన్‌ను తిరిగి లేపి చూస్తాడు. లేపాడు. విండోస్ వచ్చింది, డీ వచ్చింది, లెక్కలు తెరుచుకున్నాయి. నేను లేను. డెస్క్‌టాప్ మీది ‘చీటీలు’ షార్ట్‌కట్ నొక్కితే తెరుచుకోలేదు.

“ఇదెక్కడికి పోతోంది తమ్ముడూ?” అన్నాడు.

కుర్రాడు ముఖం తుడుచుకుని “‘ఈ’ డ్రైవ్‌లోకన్నా” అన్నాడు.

ఆ సాయంత్రమే డీని ఇంకో 200 జీబీలు పెంచి స్కాన్లను అక్కడికి మార్చారు. నా మీదికి కెమెరా సాఫ్ట్‌వేర్ ఖాతా తప్ప ఇంకెవరూ రాయకుండా అనుమతులు తీసేశారు. నా పేరు ‘కెమెరా - బ్యాకప్ లేదు’ అని మార్చారు. ఇప్పుడు ఎవరు తెరిచినా ముందు అదే చదువుతారు. మెషీన్ నోట్స్‌లో టెక్నీషియన్ ఇలా రాసిపెట్టాడు: “ఈ డిస్కు బ్యాకప్‌లో లేదు. కారణం: కెమెరా దృశ్యాలు, పదకొండు రోజుల్లో చెరిగిపోతాయి. మెషీన్‌ను తిరిగి లేపితే ఖాళీ డిస్కు తగిలించి ఈ అక్షరమే ఇవ్వాలి, లేకపోతే రికార్డింగ్ మొదలవదు. పత్తి సీజన్ మొదలయ్యే ముందు ఇందులో ఏముందో మళ్లీ చూడాలి.”