పదకొండు బస్తాల ఎంబీఏ

మా మేనల్లుడికి ఎంబీఏ చేయాలన్న కోరిక పుట్టింది. తప్పేం లేదు, ఆ వయసులో ఏదో ఒకటి పుట్టాలి. చిక్కల్లా వాడుండేది చర్ల దాటాక అడవి అంచున. సిగ్నల్ కావాలంటే ఊరి చివర వాటర్ ట్యాంకు నిచ్చెన ఎక్కాలి. ఏడో మెట్టు మీద ఒక గీత, పదో మెట్టు మీద రెండు. క్లాసు వినాలంటే ట్యాంకు నెత్తికే ఎక్కాలి. విచిత్రమేమిటంటే అడ్మిషన్ల కౌన్సెలర్ ఫోను మాత్రం మంచంలో పడుకున్నా మోగుతుంది. "సార్, స్కాలర్‌షిప్‌కి ఈ రాత్రే ఆఖరు." ఆ ఆఖరి రాత్రి మూడు నెలలుగా తెల్లారడం లేదు.

వాడి ముందు రెండు దారులున్నాయి. ఒకటి ఇగ్నో, రెండేళ్లకు కలిపి అరవై వేల పైచిలుకు. రెండోది, పేరు చెబితే ఎదుటివాళ్లు కుర్చీలో సర్దుకు కూర్చునే ప్రైవేటు యూనివర్సిటీలో ఆన్‌లైన్ కోర్సు, రెండు లక్షలు. మా అక్క లెక్క లక్షల్లో ఉండదు, మిర్చి బస్తాల్లో ఉంటుంది. తేజ కాయ క్వింటా పదిహేను వేలు అనుకుని, బస్తాకు నలభై కిలోలు వేసుకుని, వేళ్ల మీదే తేల్చేసింది.

"అది పదకొండు బస్తాలు, ఇది ముప్పై మూడు. రెండిటికీ గవర్నమెంటు గుర్తింపు ఉందంటివి. మరి మధ్యలో ఇరవై రెండు బస్తాలు దేనికిరా?"

"పేరుకమ్మా."

పేరును తేలిగ్గా తీసేయకండి. శుభలేఖలో పెళ్లికొడుకు పక్కన ఎంబీఏ అని పడితే ఏ యూనివర్సిటీ అని ఎవరూ అడగరు, ఎంతయిందని అడుగుతారు. అరవై వేలంటే "అయ్యో, దూరవిద్యా?" అని జాలి. రెండు లక్షలంటే "ఓహో, ఆన్‌లైనా!" అని మర్యాద. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో మన తెలుగు నేల మీదే పుట్టింది, ఇప్పుడు అంబేడ్కర్ పేరుతో ఉన్నది అదే. పొద్దంతా పనికి పోయి రాత్రి పుస్తకం పట్టినవాళ్లకు డిగ్రీలిచ్చింది. దాని నేరమల్లా చవగ్గా ఇవ్వడం. గుర్తింపు ఉన్న చోట దూరవిద్యలో చదివినా, ఆన్‌లైన్లో చదివినా, కాలేజీకెళ్లి చదివిన డిగ్రీతో సమానమేనని 2022 సెప్టెంబరులో యూజీసీ నోటీసే ఇచ్చింది. పెళ్లిచూపుల్లో ఆ నోటీసు తీసి చూపించే మొనగాణ్ణి నేనింకా చూడలేదు.

ఇంకో తమాషా ఉంది. ఐఐఎంలు 2017 చట్టం వచ్చేదాకా డిగ్రీలే ఇవ్వలేదు, ఇచ్చింది డిప్లొమా. 2001లో గచ్చిబౌలిలో మొదలైన ఐఎస్‌బీ పేరుమోసిన ఏడాది కోర్సుకూ యూనివర్సిటీ డిగ్రీ రాదు. అయినా వాళ్లను "నీది చెల్లుతుందా బాబూ?" అని అడిగిన మామగారు లేడు. పేరున్నచోట డిగ్రీ అక్కర్లేదు, డిగ్రీ ఉన్నచోట పేరు లేదు. మధ్యలో మావాడు, ట్యాంకు మీద.

ఆ ప్రైవేటు యూనివర్సిటీ కరపత్రంలో అన్నిటికంటే లావు అక్షరాలు "అత్యధిక ప్యాకేజీ" అన్నవి. అది చూడగానే నాకు ఖమ్మం మిర్చి యార్డు గుర్తొచ్చింది. పొద్దున్నే జెండా పాట పాడతారు. ఉన్నవాటిలో మేలైన సరుక్కి పలికిన ఆ రేటే మర్నాడు పేపర్లో వస్తుంది. అది చదివి మా అక్కలాంటివాళ్లు వంద కిలోమీటర్లు దాటి లారీ కట్టించుకొస్తారు. అప్పుడు వ్యాపారి బస్తా మూతి విప్పుతాడు. గుప్పెడు కాయ తీసి, ఒకటి చెవి దగ్గర పెట్టి విరుస్తాడు. తేమ అంటాడు. ఇంకోటి వెలుతురుకు పెట్టి తాలు అంటాడు. రేటు మెట్టు మెట్టుగా దిగి, మన బస్తా దగ్గరికొచ్చేసరికి జెండా ఎక్కడో పైన ఎగురుతుంటుంది, మనం కింద నిలబడి ఉంటాం. ప్యాకేజీ కూడా అంతే. జెండా పాట ఒక్కడికే దక్కుతుంది, ఫీజు మాత్రం అందరికీ ఒకటే.

అప్పుచేసి చదువుతానన్నాడు మావాడు, నెలసరి వాయిదాలట. భద్రాద్రి గాలి పీల్చినవాడివి, రామదాసు కథ తెలియదా అన్నాను. తహసీల్దారుగా ఉండి సర్కారు పైకంతో గుడి కట్టాడు. ఏ నగకెంతయిందో కీర్తనలో పద్దు రాసి మరీ రాముణ్ణి నిలదీశాడు. అయినా గోల్కొండలో పన్నెండేళ్లు చెరసాల తప్పలేదు. చివరికి రామలక్ష్మణులే మారువేషంలో వచ్చి ఆరు లక్షల మొహరీలు తానీషా ముందు పోసి, రసీదు రాయించుకు వెళ్లారని కథ. రసీదు సంగతి గమనించు, దేవుడు కూడా నోటిమాట నమ్మలేదు. "నీ వాయిదాకు ఎవరొస్తార్రా?"

"ప్లేస్‌మెంట్ సెల్ ఉంది మామా."

ఇంతలో ఫోను మోగింది. కౌన్సెలరే. వాడు ఎత్తేలోపు అక్క లాక్కుంది. అవతల ఆ పిల్లాడు తేనె కారేలా అత్యధిక ప్యాకేజీ అంకె చెబుతున్నాడు. అక్క మొత్తం విని, నిమ్మళంగా అడిగింది.

"జెండా పాట చాల్లే నాయనా. నా బస్తాకెంతొస్తదో చెప్పు."

మూడు నెలల్లో మొదటిసారి, అవతలి వైపు సిగ్నల్ పోయింది.