శాలువా కప్పుకున్న ఇంధన పొదుపు

యూనివర్సిటీ పాత భవనాల్లో కరెంటు వాడకం తగ్గించడానికి ఒక విదేశీ విశ్వవిద్యాలయంతో ఒప్పందం కుదిరింది. ఏ విశ్వవిద్యాలయమని అడక్కండి, ఎవరికివారు తమదే అనుకోవచ్చు. సంతకాలు జరిగిన హాల్లో ఏసీ 18 మీద ఉంది. అతిథులకు కప్పిన శాలువాలు వెళ్లేదాకా భుజాల మీదే ఉన్నాయి. సన్మానం అంతసేపు నిలవడం ఈమధ్య నేను చూడలేదు.

ఆ హాలు కప్పు ఒకప్పుడు బాగా ఎత్తు. వేడిగాలి పైకెక్కి వెంటిలేటర్ల గుండా తన దారిన తాను పోయేది. ఏసీ పెట్టాక, అంత ఎత్తు గదిని చల్లబరచడం దండగని ఫాల్స్ సీలింగ్ దించారు. వెంటిలేటర్లకు ప్లైవుడ్ కొట్టారు. ఒకదానికి చెక్క చాలక పాత స్నాతకోత్సవం ఫ్లెక్సీ కట్టారు, అప్పటి వీసీగారు ఇప్పటికీ అందులోంచి సగం ముఖంతో చూస్తుంటారు. గది చీకటైంది కనుక పట్టపగలే లైట్లు. ఇక ఆ గదిలోకి గాలీ వెలుతురూ ఎలా వస్తాయన్నది అంతర్జాతీయ పరిశోధనాంశం.

ఆ ఒప్పందం కింద ఒక అధ్యయన బృందం జర్మనీ వెళ్తోంది. డార్మ్‌స్టాట్‌లో తొలి పాసివ్ హౌస్ ఉంది. హీటరు పెద్దగా అక్కర్లేకుండానే చలికాలం గడిచిపోయేలా 1990ల మొదట్లో కట్టారు. నిజంగా చూడదగ్గదే. మన బాధ మే నెల ఎండ కాబట్టి బృందం జనవరిలో బయల్దేరుతుంది.

ప్రయాణాలు తప్పనడం లేదు. ఉస్మానియా కట్టేముందు నిజాం ప్రభుత్వమూ జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజాలను దేశదేశాలు తిప్పింది. వాళ్లు ఎన్నో చూసి, చివరికి ఎండ మండే ఈజిప్టులో హీలియోపొలిస్ భవనాలు గీసిన బెల్జియం ఆర్కిటెక్టు ఎర్నెస్ట్ జాస్పర్‌ను ఎంచుకున్నారు. 1934లో శంకుస్థాపన, 1939లో గులాబీ గ్రానైటు ఆర్ట్స్ కాలేజీ ప్రారంభం. అయిదేళ్లు! మనకు కమిటీ వేయడానికి పట్టే కాలం.

అంత దూరం ఎందుకు? మన ట్రిపుల్ ఐటీ, అమెరికాలోని లారెన్స్ బర్కిలీ ల్యాబ్ పరిశోధకులు కలిసి హైదరాబాద్ ఎండలోనే లెక్క కట్టారు. నల్లటి టెర్రస్‌కు తెల్లపూత వేస్తే చల్లదనానికయ్యే కరెంటు 14 నుంచి 26 శాతం దాకా తగ్గుతుందని తేల్చారు. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానమే తెచ్చింది. ఈ సంగతి ఒక కుర్ర లెక్చరర్ కమిటీలో విప్పబోతే పెద్దలు నవ్వారు. సిటీ బస్సెక్కి చూసొచ్చేదాన్ని అధ్యయనమంటే ఆడిట్ ఒప్పుకోదట. తెల్లపూత అంశాన్ని ‘చిల్లర మరమ్మతులు’ పద్దు కింద ఇంజనీరింగ్ విభాగానికి పంపారు. ఆ పద్దులో డబ్బుల్లేవు. విదేశీ పర్యటనల పద్దులో ఉన్నాయి, మార్చి 31లోగా ఖర్చు చూపించకపోతే వెనక్కిపోతాయి. టికెట్లు తీసేశారు.