ఎవరిదీ కాని కప్పు

1888. సిమ్లా. బ్రిటిష్ ఇండియా విదేశాంగ కార్యదర్శి మార్టిమర్ డ్యూరాండ్ జబ్బుపడి లేచాడు. ఒంటికి సత్తువ రావాలంటే ఆటను మించిన మందు లేదని అతనికి గురి కుదిరింది. సైనిక పటాలాలకు ఫుట్‌బాల్ పోటీ పెట్టించి, ఒక కప్పు ఇచ్చాడు. ఓడిన జట్టు ఇంటికి, గెలిచిన జట్టు పై ఆటకు. తొలి ఏడు రాయల్ స్కాట్స్ ఫ్యూజిలియర్స్ గెలిచారు. ఆసియాలో అన్నిటికన్నా పాత ఫుట్‌బాల్ పోటీ అలా మొదలైంది.

గెలిచినవాళ్లు కప్పును ఏడాదిపాటు తమ దగ్గర ఉంచుకుని, మళ్లీ తెచ్చి అప్పగించాలి. వరసగా మూడేళ్లు గెలిస్తే మాత్రం తిరిగి ఇవ్వక్కర్లేదు. అది వాళ్ల సొంతం.

1893లో హైలాండ్ లైట్ ఇన్‌ఫాంట్రీ గెలిచింది. ఆ ఏడే డ్యూరాండ్ కాబూల్ వెళ్లాడు. అఫ్గానిస్తాన్ అమీరుతో మాట్లాడి, ఇక్కడిదాకా మీది, ఇక్కణ్ణుంచి మాది అని ఒక గీత ఒప్పించుకుని వచ్చాడు. ఆ గీతకూ అతని పేరే నిలిచింది. హైలాండ్ పటాలం 1894లోనూ గెలిచింది, 1895లోనూ గెలిచింది. కప్పు పట్టుకుపోయింది.

రెండో కప్పు వచ్చింది. 1897 నుంచి 1899 దాకా బ్లాక్ వాచ్ పటాలం మూడేళ్లూ గెలిచింది. అదీ పోయింది.

డ్యూరాండ్ మూడో కప్పు ఇచ్చాడు. ఈసారి నిబంధన మారింది. ఎన్నిసార్లు గెలిచినా కప్పు ఎవరికీ సొంతం కాదు. ఎవరింటికి వెళ్లినా ఏడాదిపాటు ఉండి రావలసిందే.

ఆ తర్వాత నలభై ఏళ్లు అది తెల్లవాళ్ల పటాలాల మధ్యే తిరిగింది. 1940లో పోటీ ఢిల్లీకి మారింది. ఆ డిసెంబరులో కలకత్తా నుంచి వచ్చిన మహమ్మడన్ స్పోర్టింగ్ రాయల్ వార్విక్‌షైర్ రెజిమెంటును 2-1తో ఓడించింది. కప్పు మొదటిసారి భారతీయుల చేతికి వచ్చింది. తర్వాత రెండో ప్రపంచ యుద్ధం ముదిరింది. పోటీ ఆగిపోయింది.

1947 వేసవిలో దేశం పంపకాలు మొదలయ్యాయి. రెండున్నర నెలలే గడువు. ఇటు భారత్ వైపు నుంచి హెచ్.ఎం. పటేల్, అటు పాకిస్తాన్ వైపు నుంచి చౌధురీ మహమ్మద్ అలీ. ఒకే సర్కారులో పనిచేసిన ఇద్దరు అధికారులు ఎదురెదురుగా కూర్చుని పద్దులు రాశారు. ఖజానా నుంచి సైన్యం దాకా, బల్లలు, కుర్చీలు, టైపు మిషన్ల దాకా అన్నీ ఆ పద్దుల్లోకి ఎక్కాయి. రెండు కుర్చీలుంటే చెరొకటి. మూడుంటే బేరం.

వైస్రాయి అంగరక్షక దళం గుర్రబ్బండ్ల దగ్గర లెక్క కుదరలేదు. బంగారు పూత బండి ఇద్దరికీ కావాలి. రూపాయి ఎగరేశారు. బొమ్మా బొరుసా తేలింది. బండి ఢిల్లీలో ఉండిపోయింది.

డ్యూరాండ్ కప్పు ఒక్కటే ఉంది. దాన్ని కోస్తే రెండు కప్పులు కావు. అది మాకు రావాలని పాకిస్తాన్ వైపు వాళ్లు అడిగారు. ఇవ్వడం కుదరదని ఇటు వైపు వాళ్లు అన్నారు. నిర్ణయం సేనాధిపతి ఆకిన్‌లెక్ చేతిలో పడింది. ఆయన రూపాయి ఎగరేయలేదు. కప్పు తీసుకెళ్లి, భారత రక్షణ శాఖ కార్యదర్శి అయిన పటేల్ చేతిలో పెట్టాడు. పటేల్ దాన్ని ఢిల్లీలో బ్యాంకులో పెట్టి తాళం వేయించాడు.

ఏడాదికొక ఇల్లు మారవలసిన కప్పు చీకటి గదిలో ఉండిపోయింది. బయట సరిహద్దుకు ఇటూ అటూ రైళ్లు, బళ్లు, కాలినడకన జనం. కశ్మీరులో యుద్ధం. కప్పు సంగతి ఎవరికీ పట్టలేదు.

1950లో పోటీ మళ్లీ పెట్టారు. స్వతంత్రం వచ్చాక ఇదే మొదటిది. తాళం తీశారు.

ఫైనల్‌కు కలకత్తా నుంచి మోహన్ బగాన్ వచ్చింది. దాని పేరు తెలియని ఫుట్‌బాల్ అభిమాని దేశంలో లేడు. 1911లో బూట్లు తొడిగిన తెల్ల పటాలాన్ని ఓడించి ఐఎఫ్‌ఏ షీల్డ్ గెలిచిన జట్టు అది. ఎదుటి జట్టు హైదరాబాద్ సిటీ పోలీస్.

పోలీసుల జట్టుకు ఆట నేర్పుతున్నది సయ్యద్ అబ్దుల్ రహీం. బడిపంతులుగా చేసినవాడు. ఊళ్లో కుర్రాళ్లకు ఆయన చిత్రమైన పోటీలు పెట్టేవాడు. ఒక పోటీలో డ్రిబ్లింగ్ చేయకూడదు. ఇంకొక పోటీలో అలవాటు లేని కాలితోనే తన్నాలి. బంతి కాలికి తగలగానే పక్కవాడికి అందాలి. అది తన దగ్గరే ఉండాలని ఎవడూ పట్టుకు వేళ్లాడకూడదు. ఆయన పాఠం అంతే.

ఢిల్లీలో ఫైనల్ మొదటి రోజు తేలలేదు. ఇరుజట్లూ సమంగా నిలిచాయి. మళ్లీ ఆడించారు. రెండోసారి పోలీసులు గెలిచారు. బొంబాయిలో రోవర్స్ కప్పు కూడా ఆ ఏడు వాళ్లదే. దాన్ని 1954 దాకా వరసగా ఐదేళ్లు ఇంకొకరికి దక్కనివ్వలేదు.

డ్యూరాండ్ కప్పు దక్కనుకు వచ్చింది. మూడేళ్ల కిందట రెండు దేశాలు మాదంటే మాదని పట్టుబట్టిన కప్పు అది.

ఆ మూడేళ్ల కిందట ఆ పోలీసు శాఖలో జీతాలు నిజాం నాణెమైన హాలీ సిక్కాలో ముట్టేవి. ఆ ఊళ్లో ఉత్తరం వేయాలంటే నిజాం సర్కారు స్టాంపు అంటించాలి. పాకిస్తాన్ ఆ కప్పు కావాలన్నప్పుడు, భారత్ దాన్ని దాచి తాళం వేసినప్పుడు, హైదరాబాదు ఆ రెండు దేశాల్లో దేనిలోనూ లేదు.