డీప్ క్లీనింగ్: అటక మినహా

డీప్ క్లీనింగ్ అంటే పడకగదుల లెక్కన ఇంటిని కడిగిపెట్టే సేవ. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో దీన్ని ఫోన్లో బుక్ చేసుకుంటారు. డబుల్ బెడ్‌రూమ్‌కు ఒక ధర, ట్రిపుల్‌కు ఇంకో ధర. ఆ పడకగదిలో పడుకునేది మనుషులా, ఉతికి మడతపెట్టని బట్టలా అన్నది సంస్థకు అనవసరం. ఖాళీ ఇంటికి తక్కువ, సామాను ఉన్న ఇంటికి ఎక్కువ తీసుకుంటారు. తమది ఏ పాటి సామానున్న ఇల్లో చాలామందికి బుక్ చేసేటప్పుడే తెలిసొస్తుంది.

పూర్వం ఈ పని ఉగాదికో సంక్రాంతికో ఇంటిల్లిపాదీ చేసుకునేవారు. పొడుగ్గా ఉన్నవాడికి బూజుకర్ర, మిగతావాళ్లకు సున్నం బకెట్టు, పెద్దాయనకు పర్యవేక్షణ. ఇప్పుడు బూజుకర్ర చేతులు మారింది, పర్యవేక్షణ మాత్రం పెద్దాయన దగ్గరే ఉండిపోయింది. పండక్కి వారం ముందు స్లాటు దొరకడం, సంక్రాంతికి ఊరెళ్లే రైల్లో బెర్తు దొరకడం లాంటిదే.

టీమ్ వచ్చాక మొదట తేలాల్సింది ఇల్లు ఎక్కడిదాకా అన్న సంగతి. మామూలు ప్యాకేజీలో గోడల బూజు, ఫ్యాన్లు, కిటికీలు, నేల, బాత్‌రూములు, వంటింటి జిడ్డు ఉంటాయి. అల్మారా తలుపుల బయటివైపు ఉంటుంది, లోపల ఉండదు.

“లోపల కూడా చెయ్యాలంటే మీరే ఖాళీ చేసి ఇవ్వాలమ్మా,” అంటాడు సూపర్‌వైజరు.

“ఖాళీ చేసేదే నేనైతే ఇక మీరు చేసేదేముంది బాబూ?” అంటుంది ఇంటావిడ.

“తుడుస్తాం మేడమ్.”

ఈ వాదన తేలకుండానే పని అటక దగ్గరికి వస్తుంది. అది ప్యాకేజీలో ఉండదు. అదనంగా ఇచ్చుకుంటే దించి తుడుస్తారు. దించిన ప్రతి వస్తువు దగ్గరా కుర్రవాడు ఒకటే ప్రశ్న వేస్తాడు: ఉంచాలా, పారెయ్యాలా? దుమ్ము వదిలించడానికి మందులున్నాయి గానీ ఈ ప్రశ్నకు లేదు. కాలిపోయిన మిక్సీ రిపేరు చేయిద్దామని ఇంటాయన అంటాడు. అమెరికా వెళ్లిపోయిన అబ్బాయి ఇంజినీరింగ్ పుస్తకాలు ఎవరికైనా పనికొస్తాయని ఇంటావిడ అంటుంది. ఉయ్యాల సంగతి ఎత్తితే అత్తగారు ఊరుకోరు. అన్నిటికంటే గట్టిది టీవీ అట్టపెట్టె. టీవీని ఎక్స్ఛేంజిలో ఇచ్చేసినా, ఇల్లు మారేటప్పుడు పనికొస్తుందని పెట్టె థర్మోకోలుతో సహా అలాగే ఉంటుంది. సొంత ఇల్లు కొనుక్కున్నాక కూడా ఉంటుంది. చివరికి అన్నీ శుభ్రంగా తుడిపించుకుని, వచ్చిన వరసలోనే పైకి వెళ్లిపోతాయి. అదనపు ధర అందుకే.

బాత్‌రూములో వ్యవహారమంతా రసాయన శాస్త్రానిది. బోరు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు కుళాయిల మీద తెల్లటి గారలా పేరుకుంటాయి. యాసిడ్ ఆ గారను కరిగిస్తుంది. అయితే పాలరాయి కూడా కాల్షియం కార్బొనేటే. ఏది గారో ఏది గచ్చో యాసిడ్‌కు తేడా తెలియదు. పడ్డచోట బుసబుస నురగ వస్తుంది, మరకతోపాటు మెరుపూ పోతుంది. పాలరాయి ఉన్న ఇంట్లో ఈ మాట ముందే చెప్పుకోవాలి. వాసన ఎంత ఘాటుగా ఉంటే అంత శుభ్రమని నమ్మే పెద్దలు బ్లీచింగ్ పౌడరు మీద యాసిడ్ కూడా పొయ్యమంటారు. అప్పుడు వెలువడేది క్లోరిన్ వాయువు, ఊపిరితిత్తులకు ప్రమాదం. ఈ ఒక్క విషయంలో పెద్దల మాట వినకూడదు.

వంటింట్లో చిమ్నీ స్టీలు జాలీని క్షారం కలిపిన వేడినీళ్లలో నానబెడతారు. నూనె జిడ్డులో కొంత క్షారంతో కలిసి సబ్బుగా మారి వదులుతుంది. పండగల్లో వేసిన గారెలూ పూరీలూ ఆ విధంగా పారిశుద్ధ్యానికి తోడ్పడతాయి. అల్యూమినియం జాలీని క్షారం తినేస్తుంది కాబట్టి దానికి మామూలు సబ్బునీళ్లే మేలు. పూజగదిలోకి టీమ్‌ను రానివ్వని ఇళ్లలో దీపం మసి మాత్రం గోడమీద భద్రంగా ఉంటుంది.

పని అయ్యాక సూపర్‌వైజరు ముందూ వెనకా తీసిన ఫొటోలు చూపిస్తాడు. అత్తగారు ఫొటోలు చూడరు. ఫ్రిజ్ మీద, తలుపు పైఅంచు మీద వేలు పెట్టి చూస్తారు. ఆ వేలు నల్లబడకపోతే అయిదు స్టార్లు. నల్లబడితే మళ్లీ గుడ్డ తీస్తారు. టీ ఇవ్వడం ఇంటివాళ్ల ఇష్టం, ఇచ్చినచోట మూలలు కాస్త బాగా తుడుస్తారని ఒక నమ్మకం.

సేవలో చేరని ఖర్చు మర్నాడు ఉదయం, రోజూ ఇల్లు తుడిచే ఆవిడ వచ్చినప్పుడు బయటపడుతుంది. ఆమె గుమ్మంలోనే నిలబడి ఒకసారి గోడలు, ఒకసారి నేల చూసి, “ఇంత తెల్లగా చేయిస్తే ఇకనుంచి ప్రతి మరకా నాదేనంటారు కదమ్మా,” అంటుంది. తర్వాత జీతం మాట ఎత్తుతుంది. ఆ పెంపు నెలనెలా ఇవ్వాల్సిందే; దానికి కూపన్లు లేవు.